పటంలో మన ఊరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత టోపో షీట్ల (సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసిన వివరమైన పటాల) గురించి రెండు నెలల కిందట ఈ పేజీలో రాసినప్పటి నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వస్తూనే ఉన్నాయి. అన్నీ చదివాను. కొన్ని రెండోసారి కూడా చదివాను. ఈ శీర్షిక ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవారి కోసం ఒక మాట. నేను ఇరిగేషన్ శాఖలో ట్రేసరుగా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. ఉండేది పాలకొల్లు. 31 ఏళ్ళు కాలవలు, డ్రైన్లు, ఏటిగట్లు ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకుతో గీశాను. పటాలు చదవడం ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాను.

ప్రశ్న: మాది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. నా ఉద్యోగం హైదరాబాదులో. మా మామ్మకి 94 ఏళ్ళు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజం మీద ఎక్కి స్టేషనుకి వెళ్ళి, రైల్లో కోటిపల్లి రేవుకి వెళ్ళామని చెబుతుంది. ఇంట్లో అందరూ "రైలు 2004లో కదా వచ్చింది, మామ్మకి మతిమరుపు" అంటారు. ఆ మాట వినగానే ఆవిడ ముఖం తిప్పుకుని పడుకుంటుంది. పాత పటాల్లో దీనికి ఏమైనా రుజువు దొరుకుతుందా?

జవాబు: అమ్మా, ముందు ఈ పేజీ పట్టుకెళ్ళి మీ మామ్మగారికి చదివి వినిపించండి. ఆవిడ చెప్పింది నిజం. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము కావలసి వచ్చి 1940లో ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా అటు రైలు లేదు. 2004లో మీ ఇంట్లోవాళ్ళు చూసింది మళ్ళీ వేసిన లైను. వయసు లెక్కేస్తే పట్టాలు తీసేనాటికి మీ మామ్మగారికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు ఉంటాయి. తండ్రి భుజం ఎక్కింది అంతకు ముందే అయి ఉంటుంది. అది మరిచిపోయే విషయం కాదు.

ఇక పటం సంగతి. ద్రాక్షారామం, రామచంద్రపురం 65 ఎల్/1 షీటులో వస్తాయి. కోటిపల్లి దాని కిందున్న 65 ఎల్/2లో వస్తుంది. ఈ నంబర్ల సంగతి ఇంకో జవాబులో చెబుతాను. మీరు వెతకాల్సింది అంగుళానికి మైలు స్కేలులో ఉన్న పాత షీటు. అది చేతికి రాగానే మధ్యలో ఊళ్ళు వెతక్కండి, ముందు అంచులు చదవండి. సర్వే ఏ ఏడు చేశారో, అచ్చు ఏ ఏడు వేశారో అంచులో విడివిడిగా రాసి ఉంటుంది. చాలామంది అచ్చయిన ఏడు చూసి అదే ఆ ఊరి రూపం అనుకుంటారు. నేల మీద చూసింది సర్వే ఏట. తర్వాత అదే పటాన్ని రోడ్లు, రైళ్ళు మాత్రం దిద్ది మళ్ళీ మళ్ళీ అచ్చు వేసేవారు. అందుకే కాలవ ఒక కాలానిది, దాని మీది వంతెన ఇంకో కాలానిది అయిన షీట్లు ఉంటాయి. మీ పని కోసం సర్వే గానీ, దిద్దుబాటు గానీ 1928కీ 1940కీ మధ్య పడిన షీటు చూడండి. దాని ముందుది ఒకటి, తర్వాతది ఒకటి దొరికితే మీ ఇంట్లో వాదన అక్కడితో తీరిపోతుంది.

రైలు గీతని పోల్చుకోవడం కష్టం కాదు. మన పుంతలు (బండిదారులు) ప్రతి చేను గట్టు దగ్గరా తిరుగుతాయి, చెరువు కనబడితే పక్కకి జరుగుతాయి. రైలు అలా తిరగలేదు. దూరం నుంచే నెమ్మదిగా వంపు తీసుకుని మళ్ళీ తిన్నగా పోతుంది. పట్టాలు తీసేసినా కట్ట ఉంటుంది కాబట్టి, గట్టు గుర్తుగా వేసే పళ్ళ గీత ఎక్కడైనా అంత పెద్ద వంపు తిరిగితే అనుమానించండి.

లైను మళ్ళీ వేయకముందు, 90ల్లో ఒక ఆదివారం నేను రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వైపు ఆ కట్ట పట్టుకుని నడిచాను. చేతిలో నేనే గీసుకున్న ట్రేసింగు ఉంది. కట్ట మీద గేదెలు కట్టేసి ఉన్నాయి. పిడకలు ఆరబెట్టారు. ఒకచోట బోదె (చిన్న పంటకాలవ) దాటడానికి కల్వర్టు ఉంది. ఎడ్లబండి పట్టే దారికి అంత గట్టి కల్వర్టు ఎందుకు కడతారు? ఇటుకల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. పొలంలో ఉన్న ముసలాయన వచ్చి "ఏం ఎతుకుతున్నారండి?" అన్నాడు. ట్రేసింగు చూపించాను. ఆయన దాని వంక చూడలేదు. కట్ట వంక చెయ్యి చూపించి "మా నాన్న ఈ రైలుకే చింతపండు బస్తాలు ఎక్కించేవాడండి" అన్నాడు. మీ మామ్మగారి దగ్గర కూర్చుని ఏ స్టేషనులో ఎక్కారో, టిక్కెట్టు ఎవరు కొన్నారో, కోటిపల్లిలో దిగాక పడవ ఎక్కారా స్నానం చేసి తిరిగి వచ్చారా, అన్నీ అడగండి. ఫోనులో రికార్డు చేయండి. షీటు ఆర్నెల్ల తర్వాత దొరికినా ఫరవాలేదు, ఇది మాత్రం ఈ వారమే చేయండి.

ప్రశ్న: గోదావరి వశిష్ఠ పాయలో మాకు లంక (ఏటి నడుమ దీవి) భూమి మూడెకరాలు ఉండేది. తాతగారి కాలంలో కోతకు పోయింది. పాత టోపో షీటులో లంక స్పష్టంగా కనబడుతోంది. దీన్ని మా భూమికి రుజువుగా చూపించవచ్చా? (నరసాపురం ప్రాంతం నుంచి ఒక రైతు)

జవాబు: చూపించలేరండి. టోపో షీటు అక్కడ లంక ఉందని చెబుతుంది, అది ఎవరిదో చెప్పదు. అంగుళానికి మైలు స్కేలులో మీ మూడెకరాలు పెన్సిలు మొనతో పెట్టిన చుక్కంత ఉంటుంది. హక్కుకి కావలసింది రెవెన్యూ కాగితాలు: గ్రామ పటం, ఎఫ్ఎంబీ, ఆర్ఎస్ఆర్ (సర్వే నంబర్ల వారీ భూముల రిజిస్టరు), అడంగల్. ఎఫ్ఎంబీ అంటే ఒక్కో సర్వే నంబరు చుట్టుకొలతలన్నీ గొలుసులు, లింకుల్లో రాసిన స్కెచ్. గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులు ఎకరం, వెయ్యి చదరపు లింకులు సెంటు. ఈ లెక్క తెలిస్తే తాతగారి కాగితం మీరే చదువుకోగలరు. మీభూమి పోర్టల్లో ఉన్నంతవరకు చూసుకోండి, లేనివాటికి సర్టిఫైడ్ కాపీలకి అర్జీ పెట్టండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ గ్రామంలో జరిగినా, జరగబోతున్నా, పాత ఎఫ్ఎంబీ కాపీ మాత్రం ఇంట్లో ఉంచుకోండి. జమీందారీ గ్రామమైతే పాత రికార్డు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత చేసిన సర్వే నుంచే మొదలు కావచ్చు. ఇక కోతకు పోయిన నేల మీద హక్కు ఏమవుతుందన్నది వకీలు చెప్పవలసిన మాట. అందులో నేను వేలు పెట్టను.

మీ ఉత్తరం చదివాక మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ పుట్టింది కూడా వశిష్ఠలో ఒక లంకలోనే. ఆవిడకి ఇప్పుడు 87. ఆ లంక కోసం నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రెండు షీట్లు సంపాదించాను. ఒకటి అంగుళానికి మైలుది, ఇంకొకటి కిలోమీటరుకి రెండు సెంటీమీటర్లది. స్కేళ్ళు వేరు కాబట్టి ఒకదాని మీద ఒకటి పరిస్తే కుదరదు. పాతదాన్ని పాంటోగ్రాఫుతో పెద్దది చేసి గీసుకున్నాను. ఆ పని నాలుగు సాయంత్రాలు పట్టింది. పాత షీటులో లంక చింతగింజలా పాయ నడుమ ఉంది. చుట్టూ ఇసుకకి వేసే చుక్కలు, ఒక పక్క సన్నటి నీలం గీత, మధ్యలో ఇళ్ళకి ఎర్రటి చిన్న చదరాలు, పక్కన ఊరి పేరు. రెండో షీటులో ఆ చింతగింజ లేదు. నీలం అక్కడిదాకా వచ్చేసింది. పేరు మాత్రం ఏటిగట్టు ఇవతల, కొత్త పేట పక్కన ఉంది. ఏరు ఇళ్ళని తీసుకుపోతే జనం పేరు మూటగట్టుకుని గట్టు దాటి వచ్చేశారు. డెల్టాలో ఒక పేరు రెండు షీట్లలో రెండుచోట్ల కనబడితే అది అచ్చుతప్పు అనుకోకండి.

ఇంకో సంగతి. సర్వే వాళ్ళు వానలు వెళ్ళాక, పొడి నేల మీద పనిచేసేవారు. అందుకే పటంలో ఉండే గోదావరి వేసవి గోదావరి. ఇసుక తిన్నెలు విశాలంగా, నీటిపాయ సన్నగా ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన 1986 ఆగస్టు గోదావరిని ఏ షీటూ చూపించదు. 1953 వరద కూడా అంతే. ఆ ఏడు తమ లంకకి ఎదురుగా ఏటిగట్టుకి గండి పడిందని అమ్మ చెబుతుంది. "రేవుకి దిగువన, రావిచెట్టుకి ఎగువన" అని చోటు కూడా చెబుతుంది. ఆ రేవూ లేదు, చెట్టూ లేదు. నేను ఎన్ని షీట్లు తిరగేసినా గండి దొరకలేదు. పూడ్చేశాక గట్టుని గట్టుగానే గీస్తారు మరి. ఒక్క ఆనవాలు మాత్రం మిగలవచ్చు. గండి పడినచోట నీరు లోతుగా కోసేస్తుంది కాబట్టి కొత్త గట్టుని ఆ గుంట చుట్టూ వంపు తిప్పి కడతారు. తిన్నగా పోతున్న గట్టు ఉన్నట్టుండి లోపలికి వంగి, ఆ వంపులో చిన్న నీలం మడుగు ఉంటే అక్కడ ఆగి, దగ్గర్లో పెద్దవాళ్ళని అడగండి.

ప్రశ్న: మా ఊరు ఏ షీటులో వస్తుందో ఎలా తెలుసుకోవాలి? షీట్లు ఎక్కడ దొరుకుతాయి? (ఈ ప్రశ్న పదిమందికి పైగా అడిగారు)

జవాబు: దేశాన్ని నాలుగేసి డిగ్రీల గళ్ళుగా కోసి నంబర్లు ఇచ్చారు. మనది 65. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలు పెట్టారు. ప్రతి అక్షరాన్నీ మళ్ళీ పదహారు చేసి 1 నుంచి 16 దాకా అంకెలు వేశారు. వరస అడ్డంగా కాదు, పై నుంచి కిందికి వస్తుంది. 81, 82 డిగ్రీల రేఖాంశాల మధ్యనున్న డెల్టా హెచ్‌లో, 82 దాటింది ఎల్‌లో పడుతుంది. ధవళేశ్వరం 65 హెచ్/13, భీమవరం, పాలకొల్లు హెచ్/10, నరసాపురం, అంతర్వేది హెచ్/11, రాజోలు హెచ్/15, యానాం ఎల్/2. అమలాపురం సరిగ్గా 82 గీతకి ఆనుకుని ఉంది. అక్కడివాళ్ళు హెచ్/14, ఎల్/2 రెండూ తీసుకోవాలి. ఫోనులో మీ ఊరి అక్షాంశం, రేఖాంశం చూసుకుంటే మిగతావి మీరే లెక్క కట్టవచ్చు.

ఇప్పటి ఓపెన్ సిరీస్ షీట్లు సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో దొరుకుతాయి. వాటి నంబర్లు వేరు, తికమక పడకండి. ఆ సంస్థకి హైదరాబాదు ఉప్పల్లో కూడా ఆఫీసు ఉంది. 1950ల్లో అమెరికా సైన్యం తయారుచేసిన రెండున్నర లక్షల స్కేలు (1:2,50,000) షీట్లు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. వాటిలో పుంతలు, బోదెలు ఉండవు గానీ పాయలు, లంకలు చూడటానికి బాగా పనికొస్తాయి. అంగుళం షీట్లకి పాత కాలేజీల జాగ్రఫీ డిపార్ట్‌మెంట్లలో అడగండి. తీరప్రాంతం షీట్లు చాలాకాలం పబ్లిక్‌కి ఇచ్చేవారు కాదు. ఒక ఆఫీసు కౌంటరులో నన్ను "మీకెందుకండీ ఇవి?" అని మూడుసార్లు తిప్పి పంపారు. మా అమ్మ పుట్టిన ఊరు చూసుకోవడానికి అంటే నమ్మలేదు. 2005 మ్యాప్ పాలసీ, ఆ తర్వాత 2021 మార్గదర్శకాలు వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు పోయింది. మీరు ధైర్యంగా అడగండి.

ప్రశ్న: మా ఊరి పేరు చివర "తిప్ప" ఉంది. పక్క ఊరు "లంక". ఏరు చూస్తే మూడు మైళ్ళ దూరంలో ఉంది. పేర్లు ఊరికే పెట్టారా? పటంలో ఎత్తుపల్లాల గీత ఒక్కటి కూడా లేదు, మరి చదివేది ఎలా?

జవాబు: ఊరికే పెట్టలేదు. తిప్ప అంటే ఇసుక మెరక, లంక అంటే ఏటి నడుమ నేల. పేరు పెట్టినవాళ్ళు కళ్ళెదుట చూసిందే పెట్టారు. కదిలింది ఏరే.

కాంటూరు గీతలు మన షీట్లలో ఉండవన్నది నిజం. 1:50,000 (కిలోమీటరుకి రెండు సెంటీమీటర్ల) షీటులో గీతకీ గీతకీ ఇరవై మీటర్ల తేడా, డెల్టా మొత్తం ఆ మొదటి గీత కిందే పడుకుంది. అందుకని మనం వేరేవి చూడాలి. మొదట కొబ్బరి, వరి. మెరక మీద కొబ్బరి, పల్లంలో వరి. చెట్ల గుర్తులు ఒక పట్టీలా పోతుంటే అది మెరక. రెండోది రోడ్డు. పాత దార్లన్నీ వరదనీళ్ళు ఎక్కనిచోటు వెతుక్కుంటూ పోయాయి. మూడోది ఊళ్ళ వరస. కోనసీమ దక్షిణం షీట్లు కాస్త దూరంగా పెట్టి, కళ్ళు సగం మూసి చూడండి. ఊళ్ళు, తోటలు, దార్లు కలిసి సముద్రానికి సమాంతరంగా పట్టీలు పట్టీలుగా కనబడతాయి. అవి ఒకప్పటి సముద్రపు ఒడ్లు. సుమారు ఆరేడు వేల ఏళ్ళుగా గోదావరి ఒండ్రు తెచ్చి పోస్తుంటే తీరం జరుగుతూ పోయింది, జరిగినప్పుడల్లా ఒక ఇసుక దిబ్బ వరస వెనక మిగిలింది. ఆ వరసల మధ్యనున్న పల్లాలే మీ పర్ర భూములు, వరిచేలు.

మా పెదనాన్నగారి అల్లుడి ఊళ్ళో నుయ్యి తవ్వుతుంటే నేను అక్కడే ఉన్నాను. సముద్రం ఆ ఊరికి చాలా దూరం. పైన రెండడుగులు ఎర్రమట్టి వచ్చింది. దాని కింద ఇసుక, చక్కెరలా సన్నది. నిలువెత్తు దిగాక పారలో ఆల్చిప్పలు పడ్డాయి. ఒకటి తీసి కడిగితే లోపలివైపు ఇంకా తెల్లగా మెరుస్తోంది. కూలికొచ్చినతను "ఇవి మామూలేనండి, ఎక్కడ తవ్వినా వస్తాయి" అని పక్కన పోశాడు. నేను ఇంటికి తెచ్చుకున్నాను, ఇప్పుడు షీట్లు ఎగిరిపోకుండా బరువుకి వాడుతున్నాను.

మీ తిప్ప, లంకల సంగతికి వస్తే, షీటులో మీ ఊరి చుట్టూ చెరువులు, గుంటలు, మురుగుకోడులు విల్లులా వంపు తిరిగి ఒకదాని వెంట ఒకటి ఉన్నాయేమో చూడండి. ఉంటే అది చచ్చిపోయిన పాయ. దాని నడుమ ఉన్నందుకే ఆ ఊరు లంక అయింది.

ప్రశ్న: పాత షీట్లలో "కోకనాడ", "ఎల్లోర్" లాంటి స్పెల్లింగులు ఉన్నాయి. మా ఊరి పేరైతే గుర్తుపట్టలేనట్టుంది. ఎందుకిలా?

జవాబు: చెవికి వినబడింది ఇంగ్లీషులో రాసుకున్నారు. పెద్ద ఊళ్ళకి వాడుకలో స్థిరపడిన స్పెల్లింగు వచ్చింది, చిన్నవాటికి రాసినవాడి చెవే దిక్కు. పేరు పైకి, మెల్లగా, తెలుగువాడిలా చదవండి. చాలాసార్లు తెలిసిపోతుంది. తెలియకపోతే చుట్టూ ఉన్న నాలుగు ఊళ్ళని పట్టుకుని మధ్యలోది తేల్చుకోండి.

పేర్ల మీద ఆసక్తి ఉన్నవారు కైఫీయతులు (ఊళ్ళ స్థలచరిత్రలు) కూడా చూడాలి. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ ఊరూరా కరణాల దగ్గర స్థలచరిత్రలు సేకరింపజేశాడు. ఆ పనికి ఊపిరి పోసింది మన ఏలూరు కుర్రవాడు కావలి వెంకట బొర్రయ్య. 1803లో, ముప్ఫై ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఆ తర్వాత తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. పటాల చరిత్రలో సర్వేయర్ల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. వాళ్ళ కోసం ఊళ్ళు తిరిగి, అడిగి, రాసిన ఈ అన్నదమ్ముల పేరు మన పిల్లలకి చెప్పేవాళ్ళు లేరు. నాకు అది బాధగా ఉంటుంది.

ప్రశ్న: కాకినాడలో సోషల్ టీచరుని. పాత షీటుని కంప్యూటర్లో ఇప్పటి శాటిలైట్ చిత్రం మీద పెట్టి పిల్లలకి చూపించాలని క్యూజీఐఎస్ నేర్చుకుంటున్నాను. ఎంత చేసినా కొంచెం పక్కకి జరుగుతోంది. తప్పెక్కడ?

జవాబు: తప్పు మీది కాదండి. పాత షీట్లు భూమి ఆకారానికి వేసిన ఎవరెస్ట్ గోళాకృతి లెక్క మీద కట్టినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84 అనే వేరే లెక్క. అంచుల్లోని డిగ్రీ అంకెలు నేరుగా కొడితే జరగక తప్పదు. సాఫ్ట్‌వేరులో పాత డేటమ్ (ఆ పాత లెక్క) ఎంచుకోండి, లేదా నేల మీద కదలని వస్తువులు పట్టుకోండి. పాత గుడి, లాకులు, రెండు కాలవలు కలిసే చోటు, అక్విడక్టు కొస, ఇలాంటివి ఆరేడు చాలు. ఏటి ఒడ్డు మాత్రం పట్టుకోకండి. ఏ ఒడ్డు జరిగిందో కనుక్కోవాలనుకుంటున్నామో దానికే మేకు కొడితే ఇంక కనుక్కునేది ఏమీ ఉండదు. ధవళేశ్వరం దగ్గర కూడా ఒక జాగ్రత్త. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీ ఒకటి కాదు.

మీ పిల్లలకి హోప్ ఐలాండ్ ఇవ్వండి. కాకినాడ రేవుకి అడ్డుగా ఉన్న ఆ ఇసుక తిన్నె గత రెండు వందల ఏళ్ళలో పెరిగింది. పాత షీటులో దాని కొస ఎక్కడుందో, ఇప్పుడెక్కడుందో పిల్లల చేతే గీయించండి. తర్వాత ఉప్పాడ తీరం గీయించండి. అక్కడ సముద్రం లోపలికి వచ్చింది. ఒకే తీరంలో ఒకచోట పెరగడం, ఒకచోట తరగడం పిల్లలు స్వయంగా స్కేలుతో కొలిస్తే మీరు విడిగా పాఠం చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా నాన్నగారు గోదావరి గట్ల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. పోయి పన్నెండేళ్ళయింది. ఈమధ్య ట్రంకుపెట్టెలో గుడ్డకి అతికించిన పటం ఒకటి దొరికింది. ఎనిమిది ముక్కలుగా ఉంది. నిండా పెన్సిలు గీతలు, క్రాసులు. ఏటిగట్టు మీద ఒకచోట అడ్డగీత, పక్కన 53 అని అంకె. పెన్సిలు చెరిపించి, లామినేషన్ చేయించి కాలేజీకి ఇద్దామనుకుంటున్నాం. షాపులో 400 అడిగారు. చేయించమంటారా?

జవాబు: వద్దండి. దయచేసి ఆ రెండూ చేయించకండి.

మొదట లామినేషన్. ఆ వేడికీ ప్లాస్టిక్‌కీ లోబడిన కాగితాన్ని మళ్ళీ విడదీయలేరు. లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. మీ పటం ఎనిమిది ముక్కలుగా ఉండటం చిరుగు కాదు. మడత పడేచోట కాగితం విరగకూడదని అలా కోసి, మధ్యలో సందు వదిలి గుడ్డకి అతికించేవారు. ఫీల్డుకి పట్టుకెళ్ళే పటం అలాగే ఉండాలి. ఆ సందులు అతికించవద్దు. తడిగుడ్డతో తుడవవద్దు, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి చాలు. పొడిగా ఉన్న చోట, బల్లపరుపుగా, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టండి. కలరా ఉండలు పెడితే గుడ్డలో కట్టి విడిగా పెట్టండి, పటానికి తగలకూడదు.

తర్వాత పెన్సిలు గీతలు. అచ్చు పటం లాంటిది ఇంకొకటి ఎక్కడైనా దొరకవచ్చు. మీ నాన్నగారు గీసినవి ఆ ఒక్క కాగితం మీదే ఉన్నాయి. పగటి వెలుతురులో, నీడపట్టున, సరిగ్గా పై నుంచి ఒక్కో ముక్కకీ విడిగా ఫోటో తీయండి. అంచులు కూడా పడాలి. తర్వాత గది చీకటి చేసి, ఫోను టార్చి పటం పక్కన నేలబారుగా పెట్టి చూడండి. సీసం చెరిగిపోయినా పెన్సిలు నొక్కిన గాడి నీడగా తేలుతుంది. నేను ఆఫీసులో పాత ప్లాన్ల మీద కొట్టివేసిన అంకెలు ఇలాగే చదివేవాణ్ణి. అమ్మగారు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో క్రాసు చూపించి అడగండి. నాన్నగారితో పనిచేసిన లస్కర్లు (కాలవలు, గట్లు కాపలా కాసేవాళ్ళు) ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళ ఇంటికి వెళ్ళండి. ఇవన్నీ అయ్యాక, పెన్సిలుతో సహా, కాలేజీకి ఇవ్వండి.

ఒక సొంత మనవి కూడా ఉంది. 53 అని అంకె వేసిన ఆ అడ్డగీత వశిష్ఠ గట్టు మీదో, గౌతమి గట్టు మీదో మీరు రాయలేదు. వశిష్ఠ అయితే ఆ ముక్క ఫోటో ఈ పత్రిక ద్వారా నాకు ముందుగా పంపండి. గీతకి ఎగువన రేవు గుర్తు, దిగువన ఒంటిచెట్టు గుర్తు ఉన్నాయేమో చూసి చెప్పండి. మా అమ్మకి చూపు సరిగా ఆనదు. ఆ ముక్కని బల్లంత ప్రింటు తీయించి, రేవు దగ్గర ఆవిడ వేలు పెట్టి, అక్కడి నుంచి గట్టు వెంబడి దిగువకి నడిపిస్తాను.